ఉద్యోగం దొరక్క యుద్ధానికెళ్లిన కవి

1915 అక్టోబర్ చివర్లో లండన్‌లో ఓ కుర్రాడు ఇంట్లో అమ్మకి కూడా చెప్పకుండా వెళ్లి సైన్యంలో పేరిచ్చేశాడు. ఇంకో నెల ఆగితే పాతికేళ్లు నిండుతాయి. దేశభక్తి పొంగి వెళ్లాడనుకుంటే పొరపాటే. మనిషిని మనిషి చంపడం తప్పని నమ్మే ఇంట్లో పెరిగినవాడు. కొన్ని నెలలుగా పని కోసం తిరుగుతున్నాడు, దొరకలేదు. చేతిలో పైసా లేదు. సైన్యంలో చేరితే తన జీతంలో సగం, దానిమీద సర్కారు ఇచ్చే అలవెన్సు అమ్మకి అందుతాయని విన్నాడు. అతని లెక్క అంతే.

పేరు ఐజాక్ రోజెన్‌బర్గ్. మీలో ఇంగ్లిష్ లిటరేచర్ చదివేవాళ్లు ఈ పేరు విని ఉంటారు. మొదటి ప్రపంచయుద్ధం మీద ఇంగ్లిష్‌లో వచ్చిన గొప్ప కవితల జాబితా ఎవరు రాసినా అందులో ఇతనివి ఉంటాయి. మాలాంటి బీటెక్ బ్యాచ్‌కి మాత్రం పెద్దగా తెలియదు. నేనైతే ఒక పాత ఫొటో ప్రింటింగ్ టెక్నిక్ గురించి వెతుకుతూ ఇతని దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే ఈ కవి మొదటి ఉద్యోగం కవిత్వానికి సంబంధం లేనిది. మనలో చాలామంది మొదటి ఉద్యోగంలాగే, నచ్చనిది.

కథ అతని నాన్నతో మొదలుపెట్టాలి. లేకపోతే చివర్లో జరిగింది ఎంత విడ్డూరమో మీకు అర్థం కాదు.

నాన్న బార్నెట్ రోజెన్‌బర్గ్‌ది రష్యా చక్రవర్తి ఏలుబడిలోని ద్విన్‌స్క్ ప్రాంతం. ఇప్పుడా ఊరు లాత్వియాలో ఉంది, పేరు డౌగవ్‌పిల్స్. యూదు కుటుంబం. బార్నెట్ మతగ్రంథాలు బాగా చదువుకున్నవాడు. అప్పట్లో జార్ సైన్యంలోకి యూదు కుర్రాళ్లని పట్టుకుపోవడమంటే ఇంటిల్లిపాదీ ఏడ్చేవారు. ఏళ్ల తరబడి సర్వీసు, దాంతోపాటు మతం పేరుతో వేధింపులు. ఆ నిర్బంధ సైనిక సర్వీసు తప్పించుకోవడానికే బార్నెట్ 1880ల చివర్లో ఇంగ్లండ్ వచ్చేశాడు. తర్వాత భార్య హాచా, పెద్దకూతురు మిన్నీ వచ్చి కలిశారు. 1890 నవంబర్ 25న బ్రిస్టల్‌లో ఐజాక్ పుట్టాడు. కవలల్లో ఒకడు. రెండో బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత ఆనీ, రేచెల్, డేవిడ్, ఎల్కన్ పుట్టారు. మొత్తం ఆరుగురు పిల్లలు, వాళ్లలో మగపిల్లల్లో పెద్దవాడు ఐజాక్. ఇంటి పెద్దకొడుకంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

పుస్తకాలు చదివిన నాన్నకి కొత్త దేశంలో దొరికిన పని మూట భుజాన వేసుకుని ఊరూరా తిరుగుతూ సరుకులు అమ్మడం. నెలలో ఎక్కువ రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. అమ్మ కుట్టుపనితో ఇల్లు నెట్టుకొచ్చేది. ఇద్దరి మధ్యా సఖ్యత కూడా అంతంతమాత్రమే. 1897లో పిల్లలకి యూదు చదువు, తమవాళ్ల తోడు దొరుకుతాయని లండన్‌కి మారారు. తూర్పు లండన్‌లో స్టెప్నీ, వైట్‌చాపెల్ పేటలు అప్పటికే రష్యా, పోలండ్ వైపు నుంచి వచ్చిన యూదులతో కిక్కిరిసి ఉన్నాయి. కేబుల్ స్ట్రీట్‌లో చిత్తుసామాను కొనే కొట్టు వెనకాల ఒకే ఒక్క గది. కుటుంబమంతా అందులోనే.

ఇంట్లో మాట్లాడేది యిడ్డిష్. ఇంగ్లిష్ బడికెళ్లి నేర్చుకోవాల్సిన భాష. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంటర్వ్యూ గది బయట కూర్చుని మనసులో వాక్యాలు పేర్చుకునే మీకు ఈ ముక్క దగ్గరగా తగులుతుంది. తేడా ఏమిటంటే ఇతను ఆ భాషలో ఉద్యోగం వెతుక్కోవడంతో ఆగలేదు, కవిత్వం రాయాలనుకున్నాడు.

బళ్లో హెడ్మాస్టర్ ఇతని చేయి బాగుందని గమనించి, మిగతా పాఠాలు పక్కనపెట్టి బొమ్మలు వేసుకోనిచ్చేవాడు. కాగితం లేకపోతే వీధి పక్క రాళ్ల మీద సుద్దముక్కతో గీసేవాడట. అక్క మిన్నీ ఒకరోజు అతన్ని వైట్‌చాపెల్ లైబ్రరీకి తీసుకెళ్లి, మా తమ్ముడికి కవి కావాలని ఉంది, కాస్త దారి చూపించండని లైబ్రేరియన్‌ని అడిగింది. ఆ అక్క ధైర్యం నాకు భలే నచ్చింది. గది అద్దెకే వెతుక్కునే ఇంట్లో తమ్ముడు కవి అవుతానంటే నవ్వకుండా, ఎవరిని అడగాలో ఆలోచించింది. ఆ లైబ్రరీయే ఆ పేటలో పేదపిల్లలకి యూనివర్సిటీ. ఇంట్లో చోటుండదు, వెలుతురుండదు, చలి. లైబ్రరీలో మూడూ దొరుకుతాయి, పుస్తకాలు అదనం. సివిల్స్‌కో గ్రూప్స్‌కో సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం తెల్లారే లైన్లో నిలబడేవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

యాసిడ్ వాసన ఉద్యోగం

పద్నాలుగేళ్లు నిండగానే బడి అయిపోయింది. చదివించే స్తోమత లేదు. బొమ్మలు వేస్తాడు కదా, దానికి దగ్గరి పనేమిటని ఇంట్లోవాళ్లు ఆలోచించారు. ఫ్లీట్ స్ట్రీట్‌లో కార్ల్ హెంట్షెల్ అనే బ్లాకులు చేసే కంపెనీలో అప్రెంటిస్‌గా పెట్టారు.

ఈ పనేంటో కొంచెం చెప్తాను, నాకు ఆసక్తి ఉన్న విషయం. పాతకాలం లెటర్‌ప్రెస్‌లో అక్షరాలు సీసం టైపుతో పేర్చేవాళ్లు. మరి ఫొటోలు, బొమ్మలు? వాటిని లోహపు రేకు మీదికి ఫొటో పద్ధతిలో దించి, అచ్చు పడకూడని భాగాన్ని యాసిడ్‌తో తినిపించేస్తారు. ఉబ్బెత్తుగా మిగిలిన భాగానికి సిరా అంటుకుని కాగితం మీద పడుతుంది. దాన్నే మన ప్రెస్సుల్లోనూ బ్లాకు అనేవారు. మీ ఊళ్లో పాత ప్రెస్ పెద్దాయన ఎవరైనా ఉంటే అడగండి, శుభలేఖల మీద వినాయకుడి బ్లాకు గురించి చెప్తారు. అప్పటి లెక్కలో అది హైటెక్ పని. పత్రికలన్నీ బొమ్మల వైపు పరిగెడుతున్న రోజులు కాబట్టి గిరాకీ ఉంది, నేర్చుకుంటే బతుకుతెరువుకి ఢోకా లేదు. అంటే ఇంట్లోవాళ్లు తప్పు నిర్ణయం తీసుకోలేదు. ‘కోర్ బ్రాంచ్ ఎందుకు, సీఎస్‌ఈ తీసుకో’ అన్నట్టు, వాళ్లకి తెలిసినంతలో మంచిదే చూశారు.

కానీ అతనికి ఊపిరి ఆడలేదు. ఊపిరితిత్తులు మొదటినుంచీ బలహీనం. రోజంతా యాసిడ్ల మధ్య, ఎవరో వేసిన బొమ్మల్ని రేకు మీదికి దించే పని. తన బొమ్మ వేసుకోవడానికి పగలు మిగలదు. రాత్రుళ్లు బర్క్‌బెక్ కాలేజీలో ఈవినింగ్ క్లాసులకి వెళ్లి పెయింటింగ్ నేర్చుకున్నాడు, బహుమతులు తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం భోజనం వేళ కవితలు రాసుకునేవాడు. పగలు సపోర్ట్ ప్రాజెక్టులో టికెట్లు క్లోజ్ చేస్తూ రాత్రి కోడింగ్ నేర్చుకునేవాళ్లని నేను చూశాను, కొన్నాళ్లు నేనూ అదే బాపతు. అదెంత అలుపో తెలుసు. ఇతను ఆరేళ్లకు పైగా అలా గడిపాడు.

1911లో ఆ ఉద్యోగం పోయింది. అతను బాధపడలేదు, సంబరపడ్డాడు. స్వేచ్ఛ వచ్చింది, జీతం పోయింది. నేషనల్ గ్యాలరీకి వెళ్లి స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ బొమ్మ ముందు కూర్చుని నకలు వేసుకుంటుంటే, పక్కన బొమ్మ వేసుకుంటున్న లిలీ డెలిస్సా జోసెఫ్ అనే చిత్రకారిణి చూసింది. తన కొడుక్కి డ్రాయింగ్ చెప్పమని పని ఇచ్చింది. ఇంకో ఇద్దరు ధనిక యూదు మహిళల్ని కూడగట్టింది. ముగ్గురూ కలిసి ఫీజు కట్టడంతో 1911 అక్టోబర్‌లో స్లేడ్ స్కూల్‌లో సీటు దక్కింది. ఇంగ్లండ్‌లో చిత్రకళకి అప్పుడది పేరున్న కాలేజీ. మార్క్ గెర్ట్లర్, డేవిడ్ బాంబర్గ్, స్టాన్లీ స్పెన్సర్, డోరా కారింగ్టన్, ఇలా తర్వాత పెద్దపేరు తెచ్చుకున్నవాళ్లు అతనికి క్లాస్‌మేట్లు, సీనియర్లు. వీళ్లలో గెర్ట్లర్, బాంబర్గ్ ఇతనిలాగే వలస వచ్చిన యూదుల పిల్లలు, అదే తూర్పు లండన్ నుంచి వచ్చినవాళ్లు.

ఇక్కడొక చేదు ఉంది. ఫీజు కట్టేవాళ్లకి అభిప్రాయాలుంటాయి. కొన్నాళ్లకి వాళ్లలో హెర్బర్ట్ కోహెన్ గారి భార్యకి ఇతని పని నచ్చలేదు. ఇంకోలా వెయ్యాలి, ఇంకా కష్టపడాలి అంది. ఇతను తలొంచలేదు. తన బొమ్మ తనకి తోచినట్టే వేస్తానని మర్యాదగానే అయినా గట్టిగా జవాబు రాశాడు. ఆ సాయం ఆగిపోయింది. అదృష్టవశాత్తూ పేద యూదు విద్యార్థులకి డబ్బిచ్చే సంఘం ఒకటి ఆ భారం తీసుకుంది. అతను అన్నది సరైనదే కావచ్చు. కానీ ఆ జవాబు రాసే ముందు అతని ఇంట్లో రేపటి కూరకి డబ్బులున్నాయా అని నాకు సందేహం. ఇలాంటి ధైర్యాన్ని పొగడటం సులువు, దాని బిల్లు కట్టేది ఇంట్లోవాళ్లు.

1912లో తన కవితలు మొదటిసారి పుస్తకంగా వేసుకున్నాడు. 24 పేజీలు. 50 కాపీలు. తన పేటలోనే ఉన్న నరోడిచ్‌స్కీ అనే యూదు ప్రింటర్ అచ్చేశాడు. పబ్లిషర్ లేడు, సమీక్ష లేదు. తెలిసినవాళ్లకి ఇచ్చాడు. అంతే.

పరిచయాలు మాత్రం కొన్ని కలిసొచ్చాయి. 1913లో గెర్ట్లర్ అతన్ని ఎడ్వర్డ్ మార్ష్‌కి పరిచయం చేశాడు. మార్ష్ విన్‌స్టన్ చర్చిల్ ప్రైవేట్ సెక్రటరీ, యువ కవుల సంకలనాలు తెచ్చే సంపాదకుడు, బొమ్మలు కొనే మనిషి. రోజెన్‌బర్గ్ బొమ్మలు కొన్నాడు, కవితలు చదివాడు. కవితల్లో బలముంది కానీ నిర్మాణం గందరగోళంగా ఉందని పోరుతూనే ఉండేవాడు. ఆ ఫిర్యాదులో కొంత నిజముంది. భాషని అతను తోసుకుంటూ వెళ్తాడు, సాఫీగా ఉండదు.

కేప్‌టౌన్, మళ్లీ ఖాళీ జేబు

1914 వేసవికి స్లేడ్ చదువు అయిపోయింది. దగ్గు తగ్గలేదు. వెచ్చటి దేశంలో ఉంటే ఊపిరితిత్తులు కుదుటపడతాయన్నారు. పెళ్లయి దక్షిణాఫ్రికాలో స్థిరపడిన మిన్నీ అక్క కేప్‌టౌన్‌లో ఉంది. జూన్‌లో ఓడెక్కాడు. అక్కడ కొన్ని పోర్ట్రెయిట్లు వేశాడు, ఆధునిక చిత్రకళ మీద ఉపన్యాసాలిచ్చాడు, అవి అక్కడి పత్రికలో అచ్చయ్యాయి. కానీ ఆ ఊళ్లో వజ్రాలు, బంగారం, వ్యాపారం తప్ప కళ మీద ఎవరికీ ధ్యాస లేదని విసుక్కున్నాడు. ఆగస్టులో యుద్ధం వచ్చింది.

ఇక్కడ మీరు అతని స్థానంలో ఉంటే ఏం చేస్తారు? ఎండ, అక్క ఇల్లు, తిండి, యుద్ధానికి వేల మైళ్ల దూరం. నేనైతే కదిలేవాణ్ని కాదు. అతను 1915 మొదట్లో లండన్ తిరిగొచ్చేశాడు. కవులూ చిత్రకారులూ అక్కడున్నారు, చదివేవాళ్లు అక్కడున్నారు. అవకాశాలున్న చోటికే వెళ్లాలన్న లెక్క తప్పు కాదు. సమయం తప్పు. యుద్ధంలో ఉన్న లండన్‌లో బొమ్మలు ఎవరు కొంటారు?

మార్ష్ కొన్ని బొమ్మలు కొంటే ఆ డబ్బుతో ‘యూత్’ అనే రెండో చిన్న పుస్తకం అచ్చేసుకున్నాడు. మిగతా నెలలన్నీ పని వెతుకులాటే. చివరికి, విడిచిపెట్టి సంబరపడిన ఆ బ్లాకుల పనికే తిరిగి వెళ్దామని, మర్చిపోయిన పని గుర్తుచేసుకోవడానికి మళ్లీ ఈవినింగ్ స్కూల్లో చేరాడు. స్లేడ్‌లో చదివినవాడు, రెండు పుస్తకాలున్నవాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది యుద్ధం కాదు, ఈ ఈవినింగ్ స్కూలు. కానీ ఆ ట్రేడులోనూ పని దొరకలేదు.

అప్పుడే మొదట్లో చెప్పిన ఆ అక్టోబర్ వచ్చింది. వైద్యదళంలో చేరితే ఎవరినీ చంపక్కర్లేదని అడిగాడు. ఎత్తు చాలదన్నారు. సైన్యంలో మామూలు ప్రమాణం ఐదడుగుల మూడంగుళాలు. దానికి తగ్గినవాళ్ల కోసం యుద్ధం మొదలయ్యాక బాంటమ్ దళాలని విడిగా పెట్టారు. బాంటమ్ అంటే పొట్టి జాతి కోడిపుంజు. పేరులోనే వెటకారం ఉంది. ఇతన్ని అందులో, 12వ సఫోక్ దళంలో వేశారు. జార్ సైన్యాన్ని తప్పించుకోవడానికి దేశమే దాటిన బార్నెట్ పెద్దకొడుకు, జీతం కోసం తన కాళ్లతో తానే నడిచివెళ్లి బ్రిటిష్ సైన్యంలో చేరాడు. వాళ్లమ్మ ఎంత ఏడ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఒక్క విషయం గమనించాలి. 1916 జనవరిలో బ్రిటన్ నిర్బంధ సైనిక సర్వీసు చట్టం చేసింది. పెళ్లికాని కుర్రాళ్లందరినీ మార్చి నుంచి లాక్కున్నారు. ఇతను ఆగినా అయిదు నెలల్లో ఎలాగూ పట్టుకుపోయేవారు. అందుకే అతని నిర్ణయాన్ని తప్పొప్పుల త్రాసులో వేయడం నాకు ఇష్టంలేదు.

కందకంలో పెన్సిలు

యుద్ధ కవులంటే ఇంగ్లిష్ సిలబస్‌లో వచ్చే ససూన్, ఓవెన్, గ్రేవ్స్ అందరూ ఆఫీసర్లు. కష్టాలు వాళ్లకీ ఉన్నాయి, కాదనను. కానీ ఆఫీసరుకి పనులు చేసిపెట్టే సహాయకుడు ఉంటాడు, కాస్త మెరుగైన గూడు ఉంటుంది, సెలవులు ఎక్కువ. రోజెన్‌బర్గ్ చివరిదాకా ప్రైవేటే, అంటే అట్టడుగు సిపాయి. రోజుకి ఒక షిల్లింగ్ జీతం, అందులో సగం అమ్మకి. ట్రైనింగ్‌లో బూట్లు సరిపోక కాళ్లు పుండ్లు పడ్డాయి. పరిగెడుతూ పడి రెండు చేతులూ కోసుకుని ఆసుపత్రిలో ఉన్నాడు. యూదుడని తోటివాళ్లు, పైవాళ్లు వేధించారు. మతిమరుపు మనిషి. ఓసారి గ్యాస్ మాస్క్ మర్చిపోతే శిక్ష వేశారు. మంచి సిపాయి కాడని అతన్ని ఎరిగిన ఆఫీసర్లే చెప్పుకున్నారు.

1916 జూన్‌లో కింగ్స్ ఓన్ రాయల్ లాంకస్టర్ రెజిమెంట్‌తో ఫ్రాన్స్‌కి పంపారు. వెళ్లే ముందు ‘మోసెస్’ అనే నాటకాన్ని అచ్చేయించుకున్నాడు. కందకాల్లో ఏ కాగితం దొరికితే దానిమీద పెన్సిలుతో రాసేవాడు. చలి, బురద, పేలు, నిద్రలేమి. రాసినవన్నీ ఇంటికి పోస్టు చేసేవాడు. చెల్లి ఆనీ టైపిస్టు. బురద అంటిన కాగితాల మీద గజిబిజి అక్షరాల్ని చదివి, టైపు చేసి, అవసరమైనవాళ్లకి పంపి, ఒరిజినల్స్ దాచేది. అతను టైపు కాపీ చూసి మార్పులు రాస్తే మళ్లీ టైపు చేసేది. మన భాషలో చెప్పాలంటే ఆనీయే అతని బ్యాకప్, వెర్షన్ కంట్రోల్ అన్నీ. తన ఉద్యోగం తను చేసుకుంటూ ఈ పని చేసింది. అన్న కవితలన్నీ ఆమెకి అర్థమయ్యాయా అన్నది వేరే సంగతి. ఏది పారేయకూడదో మాత్రం తెలిసింది.

ఆ ఉత్తరాలు కూడా సాఫీగా రాలేదు. సిపాయిల ఉత్తరాల్ని ఆఫీసర్లు చదివి సెన్సార్ చేయాలి. ఇంత పొడుగు చెత్త చదివే ఓపిక మాకు లేదని ఒక దశలో కవితలు పంపనివ్వలేదు.

అలా బయటపడ్డ వాటిలో కందకంలో తెల్లవారుజాము మీద రాసిన కవిత 1916 డిసెంబర్‌లో అమెరికాలో షికాగో నుంచి వచ్చే ‘పొయెట్రీ’ పత్రికలో అచ్చయింది. అందులో ఒక ఎలుక ఉంటుంది. ఇంగ్లిష్ కందకంలో సిపాయి చేతిని తాకి, మధ్యలో ఉన్న నేల దాటి, జర్మన్ వైపు వెళ్తుంది. మనుషులు దాటితే చచ్చే గీతని ఎలుక దాటేస్తోంది, దానికి రెండు వైపులా ఒకటే. సిపాయి దానితో కాస్త వేళాకోళంగా మాట్లాడతాడు. అరుపుల్లేవు, శపథాల్లేవు. పాల్ ఫస్సెల్ అనే అమెరికన్ పండితుడు 1975లో ఈ యుద్ధం మీద రాసిన తన పుస్తకంలో, ఆ యుద్ధంలోంచి పుట్టిన కవితలన్నిటిలోకీ ఇదే గొప్పదని తేల్చాడు. ఇంగ్లిష్ కష్టమనుకోకుండా వెతికి చదవండి. చిన్నదే.

ఇంకొకటి 1917లో రాసింది. అప్పుడతను ఇంజినీర్ల దళంతో ముళ్లతీగ చుట్టలు మోసే పనిలో ఉన్నాడు. రాత్రిపూట బళ్లమీద తీగ వేసుకుని ఫ్రంట్‌కి తీసుకెళ్లాలి. దారి పొడుగునా శవాలు. పక్కకి తీసే వ్యవధి ఉండదు, బండి చక్రాలు వాటిమీద నుంచే వెళ్తాయి. శత్రువుల శవాలూ మనవాళ్ల శవాలూ కలిసి పడి ఉంటాయి. అది చూసిన మనిషి రాసిన కవిత అది. బొమ్మలు వేసేవాడి కన్ను అక్కడ పనిచేసింది. నల్లముళ్ల చుట్టల నుంచి, చావబోతూ చక్రాల చప్పుడు విన్నవాడి చివరి క్షణం దాకా ప్రతిదీ కంటికి కడుతుంది.

ఇంట్లోవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వీడి ఊపిరితిత్తులు బాగాలేవు, ముందు వరస నుంచి మార్చండని ఆనీ మార్ష్‌కి రాసింది. మార్ష్ సైనిక కార్యాలయంలో కదిపాడు. డాక్టర్లు పరీక్షించి ఫిట్ అని రాసేశారు. కొన్నాళ్లు మాత్రం వెనక వరసలో పనులకి వేశారు. 1917 సెప్టెంబర్‌లో ఒక్కసారి సెలవు దొరికింది, ఇంట్లో పది రోజులు ఉన్నాడు. తిరిగెళ్లాక ఫ్లూ వచ్చి డిసెంబర్ దాకా ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ నెలల్లోనే అతని డివిజన్ కాంబ్రే దగ్గర జరిగిన పోరులో ఘోరంగా దెబ్బతింది. ఫ్లూ అతన్ని కాపాడింది. యూదు దళం ఒకటి కొత్తగా పెట్టారని తెలిసి, మధ్యప్రాచ్యంలో ఎండ ఉన్న చోటికి వెళ్లొచ్చని, దానికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నాడు. జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు.

1918 మార్చి 21న జర్మన్లు ఆ ఏడాది పెద్ద దాడి మొదలుపెట్టారు. వెనక ఉన్నవాళ్లని కూడా ముందుకి తోశారు. మార్చి 28న రోజెన్‌బర్గ్ మార్ష్‌కి ఉత్తరం రాసి, అందులో ఒక కొత్త కవిత పెట్టాడు. ఆ కవిత యూదుల గురించి. ఏప్రిల్ 1 తెల్లవారుజామున, ఆరాస్ దగ్గర ఫాంపూ అనే ఊరి వద్ద, రాత్రి గస్తీలో ఉండగా చనిపోయాడు. ఇరవై ఏడేళ్లు. ఆ ఉత్తరం మీద పోస్టు ముద్ర పడేసరికే అతను లేడు.

మిగిలినవి

ఇంటికి అతని శవం రాలేదు. ఎక్కడ పూడ్చారో కూడా చాలా ఏళ్లు తెలియదు. 1926లో అవశేషాలు దొరికాయని ఆరాస్‌కి దగ్గరలో ఉన్న బయ్యూల్ రోడ్ ఈస్ట్ సిమెట్రీలో ఒక రాయి పెట్టారు. ఇదే సమాధి అని ఖాయంగా చెప్పలేక, ఈ దగ్గరలోనే పూడ్చారని ఆ రాయి మీద చెక్కారు.

ఆనీ దగ్గర మాత్రం కాగితాలున్నాయి. వాటి ఆధారంగా 1922లో గోర్డన్ బాటమ్లీ అనే కవి సంపాదకత్వంలో మొదటి సంపుటం వచ్చింది, ముందుమాట లారెన్స్ బిన్యన్ రాశాడు. అమ్ముడవలేదు. దాదాపు పదిహేనేళ్లు ఎవరికీ పట్టలేదు. 1937లో కవితలు, ఉత్తరాలు, నాటకాలు, బొమ్మలు అన్నీ కలిపి సంపూర్ణ రచనలు వేశారు, ముందుమాట ససూన్‌ది. అదే ఏడాది వైట్‌చాపెల్‌లో, అక్క చెయ్యి పట్టుకుని వెళ్లిన ఆ లైబ్రరీకి ఆనుకుని ఉన్న ఆర్ట్ గ్యాలరీలో, అతని బొమ్మల ప్రదర్శన పెట్టారు. ఆ లైబ్రరీ భవనం ఇప్పుడు గ్యాలరీలో కలిసిపోయింది. అతను తన మొహాన్నే చూసుకుంటూ వేసుకున్న పోర్ట్రెయిట్లు లండన్‌లో టేట్‌లో, నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్నాయి. మోడల్‌కి ఇవ్వడానికి డబ్బుల్లేనివాడికి అద్దమే మోడల్ అని నా అనుమానం. ఆ కాగితాల్లో చాలామటుకు ఇప్పుడు ఇంపీరియల్ వార్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

1985లో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో మొదటి ప్రపంచయుద్ధ కవులు పదహారు మంది పేర్లు ఒకే పలక మీద చెక్కారు. అందులో రోజెన్‌బర్గ్ ఉన్నాడు, ఆఫీసర్ల పక్కన ఒక ప్రైవేటు. ఆరాస్ దగ్గరి రాయి మీద రెజిమెంట్ పేరు, నంబరు, తేదీ కింద రెండు మాటలు ఉంటాయి: చిత్రకారుడు, కవి. బతికుండగా ఈ రెంటిలో దేన్నీ అతను ఏ ఉద్యోగం దరఖాస్తులోనూ వృత్తి అన్న గడిలో రాసి జీతం తెచ్చుకోలేకపోయాడు.